కారు మీటర్ బోర్డులో పాత బల్బుల చోట ఎల్‌ఈడీలు: విప్పడం నుంచి బిగించడం దాకా

ఒక రాత్రి కారు నడుపుతుంటే స్పీడోమీటర్‌లో ఎడమ సగం చీకటైపోయింది. ముల్లు తెలుస్తోంది గానీ దాని కింద ఉన్న అంకె తెలియడం లేదు. లోపల ఒక చిన్న బల్బు మాడిపోయింది, అంతే. కానీ ఆ ఒక్క బల్బు మార్చాలన్నా మీటర్ బోర్డు మొత్తం బయటికి తీయాల్సిందే. తీసి చూస్తే మిగతా బల్బుల గాజు కూడా లోపల నల్లబడి ఉంది. ఇవాళ ఇది పోయింది, రేపు ఇంకోటి పోతుంది. ఎలాగూ విప్పాను కదా అని అన్నిటి చోటా ఎల్‌ఈడీలు పెట్టాను. వాటిలో ఒకదాన్ని ముట్టుకోకుండా ఉండాల్సిందని వారం తర్వాత తెలిసింది. ఆ సంగతి వివరంగా చెబుతాను.

ఈ పని పెట్టుకునేవాళ్లలో చాలామందికి మీటర్ బాగా వెలగాలన్న కోరిక ఉంటుంది. నన్నడిగితే వెలుగు ఎంత ఉందన్నదాని కంటే అది ఎలా పరుచుకుందన్నది ముఖ్యం. రాత్రి రోడ్డు మీదున్న చూపు ఒక్క క్షణం కిందికి దిగి, అంకె చదువుకుని, వెంటనే రోడ్డు మీదికి వెళ్లిపోవాలి. కళ్లు చెదిరేలా ఉన్న మీటర్ ఆ పనికి అడ్డమే. వెలుగు డయల్ అంతటా సమంగా ఉండాలి, అవసరమైనప్పుడు తగ్గాలి, హెచ్చరిక దీపాలు మునుపటిలాగే నిజం చెప్పాలి. బల్బుల ఎంపికంతా ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంది.

ముందు మీ కారుకు ఇది కుదురుతుందో లేదో చూడండి

కొత్త తరం కార్లలో మీటర్ వెనక బల్బులే ఉండవు. ఎల్‌ఈడీలను నేరుగా బోర్డు మీద టంకం పెట్టి అతికించి ఉంటారు. మీది ఏ రకమో విప్పకుండానే తెలుసుకోవచ్చు. చీకట్లో పార్కింగ్ లైట్లు వేసి, మీటర్ వెలుగు తగ్గించే చక్రాన్ని నెమ్మదిగా తిప్పండి. తగ్గేకొద్దీ వెలుగు పసుపు, నారింజ వైపు జారితే లోపల ఉన్నది తీగ బల్బు, అంటే సన్నని తీగ వేడెక్కి వెలిగే పాత రకం. రంగు మారకుండా వెలుగు మాత్రమే తగ్గితే ఎల్‌ఈడీ అయి ఉండడానికే అవకాశం ఎక్కువ. టంకం పెట్టిన ఎల్‌ఈడీలు మార్చడం వేరే పని. దానికి టంకం పనిలో చేయి తిరిగి ఉండాలి. ఇక్కడ చెప్పేదంతా ఊడదీసి మార్చగల బల్బుల గురించే.

ఏ బల్బు, ఏ కొలత

ఎల్‌ఈడీలు కొనేముందు మీ మీటర్‌లో ఏ కొలత బల్బులు ఎన్ని ఉన్నాయో తెలియాలి. సర్వీసు మాన్యువల్ ఉంటే అందులో పట్టిక ఉంటుంది. లేకపోతే ఒకసారి విప్పి, చూసి, రాసుకుని, మళ్లీ బిగించడమే మంచిది. అంచనాతో కొంటే సగం మిగిలిపోతాయి.

డయల్ వెనక వెలుగుకు పాత కార్లలో తరచుగా కనిపించేది టీ10. గాజు బుడ్డి సుమారు 10 మిల్లీమీటర్ల వెడల్పు, కింద లోహపు టోపీ లేకుండా చదునుగా నొక్కిన గాజు అడుగు ఉంటుంది. 5 వాట్ల రకం మీద డబ్ల్యూ5డబ్ల్యూ అని రాసి ఉంటుంది. హెచ్చరిక దీపాలకు చిన్నదైన టీ5 వాడతారు, అది 5 మిల్లీమీటర్ల వెడల్పు. కొన్నిటిలో బల్బు, హోల్డర్ కలిసి ఒకే ముక్కగా వస్తాయి. వెనక నుంచి పెట్టి పావు వంతు తిప్పితే బిగుసుకుంటాయి. బీ8.5డీ, బీ8.3డీ అనేవి ఈ జాతివి. ఏసీ బటన్ల వెనక ఎక్కువగా కనిపించే నియో వెడ్జ్ రకం ఇంకా చిన్నది. టీ3, టీ4.2, టీ4.7 అనే పేర్లలోని అంకెలు మిల్లీమీటర్లలో కొలతలే. వీటి మధ్య తేడా కంటికి ఆనదు, కొలిచి చూడాల్సిందే.

పేరు కుదిరినంత మాత్రాన బల్బు కుదిరినట్టు కాదు. టీ10 అని అమ్మే ఎల్‌ఈడీల్లో కొన్నిటికి తల పాత గాజు కంటే లావుగా ఉంటుంది, మీటర్ వెనక కన్నంలోంచి దూరదు. కొన్ని పొడుగ్గా ఉండి డయల్ వెనక భాగాన్ని తాకుతాయి. పాత బల్బు లావు, హోల్డర్ బయటికి వచ్చే పొడుగు రెండూ కొలిచి పెట్టుకోండి.

ఇక వెలుగు పరుచుకునే తీరు. తీగ బల్బు అన్ని వైపులా వెలుగు చిమ్ముతుంది. మీటర్ వెనక తెల్లటి గూళ్లన్నీ ఆ వెలుగును అటూ ఇటూ తిప్పి డయల్ మీదికి పంపేలా కట్టినవి. ముందు వైపుకే వెలిగే ఎల్‌ఈడీని అక్కడ పెడితే బల్బు ఎదురుగా ఒక తెల్ల మచ్చ, పక్కన చీకటి. కాబట్టి డయల్ వెలుగు కోసం పక్కలకు కూడా వెలుగునిచ్చే చిప్పులు ఉన్న ఎల్‌ఈడీలు, అంటే నాలుగు వైపులా పైన ఒకటి ఉన్నవి తీసుకోండి. గుండ్రటి పాలరంగు మూత ఉన్నవి ఇంకా నయం. హెచ్చరిక దీపాలకు మాత్రం ఎదురుగా ఒక్క చిప్పు ఉన్న చిన్న ఎల్‌ఈడీ చాలు. దాని గూడు ఇరుకు, వెలుగు పక్క గుర్తులోకి కారకపోవడమే అక్కడ కావలసింది.

క్యాన్‌బస్ అని రాసి అమ్మే ఎల్‌ఈడీలు మీటర్ లోపల పెట్టకండి. పాత బల్బే ఉందని కారు కంప్యూటర్‌ను నమ్మించడానికి వాటిలో అదనపు రెసిస్టర్లు ఉంటాయి, అవి వేడెక్కుతాయి. వేడి తగ్గడం ఎల్‌ఈడీ వల్ల వచ్చే లాభాల్లో ఒకటి. దాన్ని చేతులారా పోగొట్టుకోవడం ఎందుకు?

రంగు

మీటర్ ఆకుపచ్చగానో నీలంగానో వెలుగుతుంటే ఆ రంగు బల్బుది కాకపోవచ్చు. బల్బు మీద రంగు రబ్బరు టోపీ తొడిగి ఉంటారు, లేదా డయల్ వెనకే రంగు పొర ఉంటుంది. టోపీ అయితే తీసేయొచ్చు, కావలసిన రంగు ఎల్‌ఈడీ పెట్టుకోవచ్చు. డయల్ మీదే రంగు ఉంటే ఆ రంగుకే కట్టుబడాలి. ఆకుపచ్చ పొర వెనక ఎర్ర ఎల్‌ఈడీ పెడితే దాదాపు చీకటే.

తెల్ల ఎల్‌ఈడీలో ఒక చిక్కు ఉంది. బాగా వెలిగే నీలి ఎల్‌ఈడీ 1993లో నిచియా కంపెనీలో షూజీ నకమురా చేతిలో తయారైంది. అకసాకి, అమానోలతో పాటు ఆయనకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది ఈ నీలి ఎల్‌ఈడీకే. మనం వాడే తెల్ల ఎల్‌ఈడీ చాలావరకు ఆ నీలి చిప్పు మీద పసుపు ఫాస్ఫర్, అంటే నీలి వెలుగులో కొంత పీల్చుకుని పసుపుగా వెలిగే పొడి, పూసినదే. అంటే దాని తెలుపులో నీలం, పసుపు బాగా ఉంటాయి, ముదురు ఎరుపు తక్కువ. తీగ బల్బు వెలుగు దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది, అందులో ఎరుపే ఎక్కువ. అందుకే కూల్ వైట్, అంటే నీలి ఛాయ ఉన్న తెల్ల ఎల్‌ఈడీ పెట్టగానే ఎర్ర ముల్లు వెలవెలబోతుంది. హ్యాండ్‌బ్రేక్ గుర్తు గులాబీ రంగుకు తిరుగుతుంది.

పరిష్కారం సులువే. ఎర్ర గుర్తు వెనక ఎర్ర ఎల్‌ఈడీ, పచ్చ ఇండికేటర్ వెనక పచ్చ ఎల్‌ఈడీ, నీలి హై బీమ్ గుర్తు వెనక నీలి ఎల్‌ఈడీ. పసుపు గుర్తులకు ఆంబర్ రంగు, లేదా వార్మ్ వైట్, అంటే పసుపు ఛాయ ఉన్న తెలుపు. డయల్‌కు తెలుపు కావాలనుకుంటే 3000 కెల్విన్ (తెలుపు ఛాయను చెప్పే కొలత, అంకె పెరిగితే నీలి వైపు వెళ్తుంది) దగ్గరి వార్మ్ వైట్ పాత రూపాన్ని చాలావరకు నిలబెడుతుంది. 6000 కెల్విన్ తెలుపు పగలు చూడ్డానికి బాగుంటుంది గానీ అర్ధరాత్రి ఖాళీ రోడ్డు మీద కళ్లను అలసటపెడుతుంది. రెండూ వాడి చూశాక నేను మళ్లీ వార్మ్ వైట్‌కే వచ్చాను.

హెచ్చరిక గుర్తుల రంగులు మాత్రం ఎప్పుడూ మార్చకండి. ఎరుపంటే ఆగాలి, పసుపంటే త్వరలో చూపించుకోవాలి. మీ కారును ఇంకొకరు నడిపినా ఆ భాష అర్థం కావాలి.

వీటి జోలికి వెళ్లేముందు ఆగండి

బ్యాటరీ గుర్తు ఉన్న ఎర్ర దీపం చూడ్డానికి మిగతా వాటిలాగే ఉంటుంది. కానీ పాత తరహా ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో పాటు తిరుగుతూ కరెంటు పుట్టించి బ్యాటరీని నింపేది) ఉన్న కార్లలో అది దీపం మాత్రమే కాదు, దారి కూడా. తాళం తిప్పగానే ఆ బల్బు గుండానే కొంత కరెంటు ఆల్టర్నేటర్ లోపలి చుట్టకు వెళ్లి అయస్కాంతాన్ని లేపుతుంది. ఆ తర్వాతే ఆల్టర్నేటర్ కరెంటు పుట్టించడం మొదలుపెడుతుంది. 1.2 వాట్ల తీగ బల్బు గుండా 12 వోల్టుల దగ్గర 100 మిల్లీ ఆంపియర్లు పోతాయి. చిన్న ఎల్‌ఈడీ గుండా పోయేది 20 దగ్గర. అంత తక్కువకు ఆల్టర్నేటర్ లేవకపోవచ్చు.

నేను చేసిన తప్పు ఇదే. అన్నిటితో పాటు దాన్నీ మార్చాను. దీపం చక్కగా వెలిగింది, నాకు అనుమానమే రాలేదు. ఊరి లోపల నెమ్మదిగా తిరిగిన రోజుల్లో బ్యాటరీ నిండక, వారం తిరిగేసరికి ఒక పొద్దున సెల్ఫ్ తిరగలేదు. బ్యాటరీ పాతదైందనుకుని దాని మీదే అనుమానపడ్డాను. మల్టీమీటర్ పెట్టి చూస్తే ఇంజన్ నడుస్తున్నా 12.2 వోల్టులే. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఉన్నట్టుండి 14కి ఎగిరింది. వేగం పెరిగితే ఆల్టర్నేటర్ తనలో మిగిలిన అయస్కాంతంతో తానే లేస్తోంది, ఐడిల్‌లో లేవలేకపోతోంది. పాత బల్బు తిరిగి పెట్టాను, స్టార్ట్ చేసిన వెంటనే 14 వచ్చింది.

కాబట్టి బ్యాటరీ దీపానికి తీగ బల్బే ఉంచండి. తప్పనిసరిగా ఎల్‌ఈడీ కావాలంటే దానికి సమాంతరంగా 120 ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్ కలపాలి. 100 మిల్లీ ఆంపియర్ల దారి మళ్లీ ఏర్పడుతుంది. అది వేడెక్కుతుంది, ప్లాస్టిక్‌కు తగలకుండా కట్టాలి. ఒక్క దీపం కోసం అంత తంటా నాకు అనవసరం అనిపించింది.

ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) దీపాల జోలికి కూడా వెళ్లకండి. కొన్ని కార్లలో వాటి కంప్యూటర్లు బల్బు ఉందో లేదో కరెంటు పంపి చూసుకుంటాయి. ఎల్‌ఈడీ పెడితే బల్బు పోయిందనుకుని తప్పు నమోదు చేసుకోవచ్చు. ప్రాణానికి సంబంధించిన దీపాల్లో ప్రయోగాలు వద్దు, వీటినీ పాతవాటితోనే ఉంచండి.

మూడోది ఇండికేటర్. కుడికీ ఎడమకీ కలిపి ఒకటే పచ్చ దీపం ఉన్న పాత కార్లలో ఆ బల్బు రెండు వైపుల తీగల మధ్య కట్టి ఉంటుంది. ఎడమ వేస్తే కరెంటు ఒక దిక్కున, కుడి వేస్తే ఎదురు దిక్కున పోతుంది. ఎల్‌ఈడీ ఒక దిక్కునే వెలుగుతుంది గనక ఒక వైపు పనిచేసి ఇంకో వైపు పనిచేయదు. ఏ దిక్కున పెట్టినా వెలిగే రకం, అంటే లోపల బ్రిడ్జ్ రెక్టిఫైయర్ ఉన్న ఎల్‌ఈడీ అక్కడ పెట్టాలి.

విప్పడం

కావలసినవి: స్టార్ స్క్రూడ్రైవర్ పొట్టిది ఒకటి, పొడుగుది ఒకటి, ప్లాస్టిక్ పట్టీలు విప్పే ప్లాస్టిక్ కడ్డీ, చిన్న సాకెట్లు, మల్టీమీటర్, తలకు పెట్టుకునే టార్చి, మెత్తని తువ్వాలు, కాగితపు టేపు. స్క్రూలు పడేసుకోవడానికి అరలున్న డబ్బా ఒకటి దగ్గర పెట్టుకోండి. చలికాలంలో బండిని కాసేపు ఎండలో ఉంచితే ప్లాస్టిక్ మెత్తబడుతుంది, క్లిప్పులు విరగవు.

1. ఇగ్నిషన్ నుంచి తాళంచెవి తీసేయండి. రేడియోకు కోడ్ ఉంటే ముందే రాసిపెట్టుకోండి. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పి పక్కకు తిప్పి పెట్టండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారైతే మాన్యువల్‌లో చెప్పినంత సేపు ఆగండి. నేను 10 నిమిషాల కంటే ముందు చేయి పెట్టను. పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి అయి ఉంటాయి, వాటిని కదపకండి.

2. స్టీరింగ్‌ను వీలైనంత కిందికి దించండి. స్టీరింగ్ కాలమ్ మీద తువ్వాలు పరవండి. మీటర్ బయటికి జారేటప్పుడు గీతలు పడేది అక్కడే.

3. మీటర్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చట్రం విప్పండి. పై అంచు లోపల రెండు స్క్రూలు ఉండడం మామూలు. మిగతా చోట్ల క్లిప్పులే. స్క్రూలన్నీ తీశాక కూడా రాకపోతే లాగకండి, ఇంకో స్క్రూ ఎక్కడో దాక్కుని ఉంది. టార్చి వేసి వెతకండి.

4. మీటర్‌ను పట్టి ఉంచిన మూడు నాలుగు స్క్రూలు తీసి, పై భాగాన్ని మీ వైపు వంచి, చేయి దూరేంత సందు చేసుకోండి. కనెక్టర్లు ఎలా ఉన్నాయో ఫోటో తీసుకోండి. లాకు నొక్కి కనెక్టర్‌నే పట్టుకుని లాగండి, తీగలు పట్టుకుని కాదు. స్పీడోమీటర్ కేబుల్ ఉన్న పాత కారైతే వెనక దాని క్లిప్పు నొక్కి విడిపించాలి. కేబుల్ పొట్టిగా ఉండి చేతికి అందకపోతే బానెట్ వైపు నుంచి కాస్త లోపలికి నెట్టమని ఇంకొకరికి చెప్పండి.

బల్బులు మార్చడం

బయటికి తీసిన మీటర్‌ను ఎక్కువసేపు బోర్లా పడుకోబెట్టకండి. కొన్ని మీటర్లలో ముల్లు ఊగకుండా సిలికాన్ నూనె వాడతారు, అది కారి డయల్ మీద మరక చేస్తుంది. తువ్వాలు చుట్టకు ఆనించి నిలబెట్టి వెనక వైపు పని చేసుకోండి. ముందు గాజు విప్పాల్సిన అవసరమే లేదు. ముల్లును వేలితో కదపకండి. ఒకసారి స్థానం తప్పితే అది చూపే వేగం తప్పు.

ఏ హోల్డర్ దేనిదో కాగితపు టేపు మీద రాసి అంటించండి. మార్చకూడనివి ముందుగా గుర్తు పెట్టండి: బ్యాటరీ, ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్. తర్వాత ఒక్కొక్కటే తీయండి, ఒక్కొక్కటే పెట్టండి. అన్నీ ఒకేసారి పీకితే అక్కడే తికమక మొదలవుతుంది.

పాత మీటర్ల వెనక పచ్చటి గట్టి బోర్డు బదులు పల్చటి ప్లాస్టిక్ పొర మీద రాగి దారులు ఉంటాయి. హోల్డర్ కాళ్లు ఆ రాగిని నొక్కి పట్టుకుంటాయి. హోల్డర్‌ను బలంగా తిప్పితే రాగి లేచిపోతుంది. కాబట్టి కొద్దిగా లోపలికి నొక్కి, పావు వంతు తిప్పి, నేరుగా లాగండి. రాగి నల్లబడి ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన దూదితో తుడవండి. ఎమరీ కాగితం వద్దు.

టీ10 ఎల్‌ఈడీల కింద రెండు సన్నని తీగలు ఉంటాయి. హోల్డర్‌లో వదులుగా అనిపిస్తే ఆ తీగలను కొంచెం బయటికి వంచండి. అడుగు మరీ మందంగా ఉన్న ఎల్‌ఈడీని బలవంతంగా దూర్చకండి. హోల్డర్ పట్టు సడలిపోతే రేపు పాత బల్బు పెట్టినా నిలవదు.

బిగించే ముందు వెలిగించి చూడండి

ఎల్‌ఈడీకి ప్లస్సు, మైనస్సు ఉంటాయి. తిరగేసి పెడితే వెలగదు, అంతే తప్ప పాడవదు. అందుకే అన్నీ బిగించాక పరీక్షించే పొరపాటు చేయకండి. మీటర్‌ను తువ్వాలు మీద ఆనించి కనెక్టర్లన్నీ పెట్టండి. ఏ కనెక్టరూ ఊడి ఉండకూడదు. అప్పుడు బ్యాటరీ కలిపి ముందు పార్కింగ్ లైట్లు వేసి డయల్ చూడండి. తర్వాత ఇగ్నిషన్ ఆన్ చేస్తే హెచ్చరిక దీపాల్లో ఎక్కువ భాగం తమంతట తామే వెలుగుతాయి. హై బీమ్, రెండు ఇండికేటర్లు, హ్యాండ్‌బ్రేక్ విడివిడిగా చూడండి. వెలగనివి రాసుకుని, లైట్లూ ఇగ్నిషనూ ఆపి, వాటిని తీసి తిరగేసి పెట్టండి. హోల్డర్‌తో కలిసి వచ్చే రకమైతే సగం చుట్టు తిప్పి పెట్టాలి.

చీకటి పడ్డాక ఇంకోసారి చూడండి. పగటి వెలుగులో సమంగా కనిపించిన డయల్ మీద రాత్రి మచ్చలు బయటపడతాయి. మచ్చ ఉంటే ఆ ఎల్‌ఈడీ మూతను 400 నంబరు ఎమరీ కాగితంతో సున్నితంగా రుద్ది పాలరంగు వచ్చేలా చేయండి. లేకపోతే ఇంకా వెడల్పుగా వెలిగే రకం పెట్టండి.

వెలుగు తగ్గించే చక్రం పనిచేయకపోతే

ఎల్‌ఈడీలు పెట్టాక ఎక్కువమందికి ఎదురయ్యే సమస్య ఇదే. పాత కార్లలో ఆ చక్రం వెనక ఉన్నది రియోస్టాట్, అంటే మార్చగల రెసిస్టర్. తన గుండా ఎంత కరెంటు పోతే అంత వోల్టేజీ మింగుతుంది. 5 వాట్ల బల్బులు ఆరు కలిసి 2.5 ఆంపియర్లు లాగేవి. చక్రాన్ని 2 ఓమ్‌ల దగ్గర పెడితే 4 వోల్టుల దాకా తగ్గేది. అదే చోట ఆరు ఎల్‌ఈడీలు కలిసి పావు ఆంపియర్ లాగితే తగ్గేది అర వోల్టు. కంటికి తేడా తెలియదు. అదే సర్క్యూట్‌లో ఏసీ బటన్ల వెనకో ఇంకెక్కడో ఒకటి రెండు తీగ బల్బులు ఉంచేస్తే చక్రానికి మళ్లీ పని దొరుకుతుంది.

తగ్గిస్తూ పోతే ఒక చోట ఉన్నట్టుండి ఆరిపోవడం కూడా మామూలే. మూడు చిప్పులు వరసగా కలిపిన ఎల్‌ఈడీకి 9 వోల్టుల దగ్గర దాకా కావాలి, అంతకంటే తగ్గితే వెలగదు. స్థిరమైన కరెంటు ఇచ్చే ఐసీ లోపల ఉన్న ఖరీదైన ఎల్‌ఈడీలు ఇక్కడ ఇంకా మొండికేస్తాయి. వోల్టేజీ తగ్గినా వెలుగు తగ్గనివ్వవు. మీటర్‌కు మామూలు రెసిస్టర్ ఉన్నవే మేలు. కొత్త కార్లలో వెలుగును వేగంగా ఆన్ చేసి ఆఫ్ చేసి తగ్గిస్తారు. తీగ చల్లారేలోపే మళ్లీ కరెంటు వచ్చేది గనక ఆ మిణుకు తెలిసేది కాదు, ఎల్‌ఈడీలో తెలియవచ్చు.

ఆపేశాక కూడా ఒక గుర్తు సన్నగా వెలుగుతూ ఉంటే కంగారు పడనక్కర్లేదు. తీగను వేడి చేయలేనంత చిన్న లీకేజీ కరెంటుకు కూడా ఎల్‌ఈడీ వెలుగుతుంది. దానికి సమాంతరంగా 1000 ఓమ్‌ల అర వాటు రెసిస్టర్ పెడితే ఆగిపోతుంది, లేదా ఆ ఒక్క చోట పాత బల్బు తిరిగి పెట్టేయండి.

తిరిగి బిగించాక

బిగించే ముందు మళ్లీ బ్యాటరీ నెగటివ్ విప్పండి. స్పీడోమీటర్ కేబుల్ ఉంటే టిక్కుమన్న శబ్దం వచ్చేదాకా నొక్కండి, లేదంటే బండి కదిలినా ముల్లు కదలదు. స్క్రూలను బిగుసుకునే దాకా తిప్పి ఆపండి, ప్లాస్టిక్ మర చెడితే బండి నడిచినంత సేపూ మీటర్ గలగలలాడుతుంది.

బ్యాటరీ కలిపి ఇంజన్ స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ తొక్కకుండా, బ్యాటరీ టెర్మినళ్ల మీద మల్టీమీటర్ పెట్టండి. 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. ఎర్ర బ్యాటరీ దీపం తాళం తిప్పగానే వెలిగి, స్టార్ట్ కాగానే ఆరాలి. నాలుగైదు రోజుల తర్వాత ఇదే కొలత ఇంకోసారి తీయండి. తీసేసిన పాత బల్బుల్లో బాగున్నవాటిని ఏది ఎక్కడిదో రాసిన కవర్లో పెట్టి గ్లవ్ బాక్సులో ఉంచండి.